యాంటీబాడీ పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టా?

ప్రశ్న: నా వయసు 36. ఎనిమిది నెలల క్రితం ఒక ఆస్పత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగంలో చేరాను. చేరగానే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోమన్నారు. మా ఆవిడ కూడా నాతోపాటే వేయించుకుంది. మూడో డోసు అయిన నెలన్నరకి నాకు రక్తపరీక్ష చేశారు. రిపోర్టులో మొదటి లైన్లో సర్ఫేస్ యాంటీజెన్ నెగటివ్ అని, రెండో లైన్లో సర్ఫేస్ యాంటీబాడీ పాజిటివ్, 240 అని ఉంది. ఆ పాజిటివ్ చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తెలిసినాయన ఒకరు "పాజిటివ్ అంటే ఒంట్లో ఉన్నట్టే" అన్నారు. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. నాలుగేళ్ల పాపకి ముద్దు పెట్టడం కూడా మానేశాను. అసలీ యాంటీజెన్, యాంటీబాడీ అంటే ఏమిటి? టీకా వల్లే జబ్బు వచ్చిందా? ఇంకో అనుమానం కూడా ఉంది. ప్రతి డోసుకీ మా ఆవిడకి జ్వరం వచ్చింది. నాకు కనీసం చెయ్యి నొప్పి కూడా లేదు. నాకు వేసినది పనిచేయలేదేమో?
ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ కంచం, గ్లాసు తీసుకెళ్లి మిగతావాటితో కలిపేయండి. మీకు హెపటైటిస్ బి లేదు. పాపని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుని వచ్చి మిగతాది చదవండి, తొందరేం లేదు.

నిజానికి ఆ జబ్బు ఉన్నవాళ్లయినా ఇంట్లో కంచం వేరు చేసుకోనక్కర్లేదు. అది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. షేవింగ్ బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఒకరివి ఒకరు వాడకూడదు. ఒకే పళ్లెంలో తింటేనో, కౌగిలించుకుంటేనో రాదు. ఈ మాట మీకంటే మీకు సలహా ఇచ్చిన పెద్దమనిషికి ఎక్కువ అవసరం.

మీ ఉత్తరంలో ఒక తమాషా గమనించారా? టీకా వల్ల జబ్బు వచ్చిందేమోనని ఒక భయం, టీకా అసలు పనిచేయలేదేమోనని ఇంకో భయం. రెండూ పక్కపక్కనే పెట్టుకుని నిద్ర మానుకున్నారు. మీ రిపోర్టులోని రెండు లైన్లే ఆ రెండు భయాల్నీ కొట్టేస్తాయి. ఎలాగో చెబుతాను.

మొదటి లైను వైరస్ గురించి. రెండో లైను మీ గురించి. సర్ఫేస్ యాంటీజెన్ అంటే హెపటైటిస్ బి వైరస్ ఒంటిమీద ఉండే ప్రోటీన్. అది మీ రక్తంలో దొరకలేదు, అంటే వైరస్ లేదు. సర్ఫేస్ యాంటీబాడీ అంటే ఆ ప్రోటీన్‌ని పట్టుకోవడానికి మీ శరీరం తయారుచేసుకున్న పదార్థం. అది దండిగా ఉంది. మిల్లీలీటరు రక్తద్రవంలో 10 మిల్లీ యూనిట్లు ఉంటే రక్షణ వచ్చినట్టు లెక్క. మీకు 240 ఉంది. ల్యాబువాళ్లకి పాజిటివ్ అంటే "వెతికినది దొరికింది" అని మాత్రమే. ఏం వెతికారో చూడకుండా ఆ మాట ఒక్కటే చదివితే పరీక్ష పాసైనవాడు కూడా ఏడుస్తూ కూర్చుంటాడు.

ఇక మీ అసలు ప్రశ్న. స్కూల్లో ప్రతిజనకం, ప్రతిరక్షకం అని చదివే ఉంటారు. యాంటీజెన్ అనగానే "యాంటీ" అన్న ముక్క చూసి అదేదో మనకి శత్రువనో, విషమనో అనుకుంటాం. నిజానికి ఈ మాటకి అర్థం యాంటీబాడీని పుట్టించేది అని, అంతే. తెలుగు మాటలో కూడా "జనకం" అదే చెబుతోంది. ఆ పుట్టించేది వైరస్ ముక్క కావచ్చు, పుప్పొడి కావచ్చు, మందు బిళ్ల కావచ్చు, ఇంకొకరి రక్తం కావచ్చు.

నా దృష్టిలో యాంటీజెన్ అన్నది ఒక పదార్థం పేరు కాదు, వరస. ఒకే మనిషి ఒకరికి బాబాయి, ఇంకొకరికి బావ, ఎదురింటివాళ్లకి ఎవరూ కాడు. ఎ గ్రూపు రక్తం ఉన్నవాళ్ల ఎర్రకణాల మీద ఒక రకం చక్కెర గుర్తు ఉంటుంది. అది వాళ్లకి పుట్టుకతో వచ్చిన సొంత సరుకు కాబట్టి వాళ్ల శరీరం దాన్ని పట్టించుకోదు. అదే రక్తం పొరపాటున బి గ్రూపు మనిషికి ఎక్కిస్తే ఆ చక్కెర గుర్తే యాంటీజెన్ అయి కూర్చుంటుంది, ప్రాణం మీదకి వస్తుంది. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ ఈ గ్రూపుల సంగతి బయటపెట్టేదాకా రక్తం ఎక్కిస్తే కొందరు ఎందుకు బతుకుతున్నారో, కొందరు ఎందుకు పోతున్నారో డాక్టర్లకి అర్థం కాలేదు. పదార్థం అదే, ఎదురుగా ఉన్న శరీరం మారింది, వరస మారింది.

ఇంకో సంగతి. మన శరీరం యాంటీజెన్‌ని మొత్తంగా చూసి గుర్తుపట్టదు. తెలిసినవాళ్లని దూరం నుంచి నడకని బట్టే పోల్చుకుంటాం కదా, అలాగ. ఒక్కో యాంటీబాడీ ఆ ప్రోటీన్ మీద ఏదో ఒక చిన్న మలుపునో, గుంటనో పట్టుకుంటుంది. ఆ చిన్న భాగాన్ని ఎపిటోప్ అంటారు. ఒకే వైరస్ మీద ఇలాంటివి చాలా ఉంటాయి కాబట్టి ఒకే వైరస్‌కి రకరకాల యాంటీబాడీలు పుడతాయి. జలుబు చేయించే వైరస్‌లలో కొన్ని, ఫ్లూ వైరస్ ఈ మలుపుల్నే మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

సరే, యాంటీజెన్ లోపలికి రాగానే ఏం జరుగుతుంది? దీన్ని మీరు కళ్లారా చూసే ఉంటారు. కాల్లో ముల్లు దిగి చీము పడితే ఒకటి రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ల కడుతుంది. ముల్లు దిగింది పాదంలో, బిళ్ల కట్టింది గజ్జల్లో. చిన్నప్పుడు దీన్ని ఎవరూ వింతగా చూడరు, పెద్దయ్యాక అసలు ఆలోచించరు. నాకు మాత్రం ఇమ్యూనిటీ గురించి చెప్పమంటే ఇదే ముందు గుర్తొస్తుంది.

ముల్లుతోపాటు లోపలికొచ్చిన సూక్ష్మజీవుల్ని చర్మం కింద కాపలా ఉన్న కణాలు అక్కడికక్కడే మింగడం మొదలుపెడతాయి. చుట్టూ ఎర్రబడి వాచేది అందుకే. ఆ కాపలా కణాల్లో డెండ్రిటిక్ కణాలని ఒక రకం ఉంది. చెట్టుకొమ్మల్లాంటి చేతులు చాచుకుని ఉంటాయి. 1973లో వీటి సంగతి లోకానికి చెప్పినవారిలో ముఖ్యుడు రాల్ఫ్ స్టైన్‌మన్. 2011లో ఆయనకి నోబెల్ ప్రకటించారు, అప్పటికి ఆయన పోయి మూడు రోజులైందని ప్రకటించినవాళ్లకి తెలియదు. బహుమతి మాత్రం అలాగే ఉంచారు.

ఈ డెండ్రిటిక్ కణం మింగినదాన్ని అరిగించుకుని ఊరుకోదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తన ఒంటిమీద ఉండే ప్రత్యేకమైన ప్రోటీన్ల చేతుల్లో పెట్టి పైకి చూపిస్తూ, లింఫ్ నాళాల వెంట ప్రయాణించి దగ్గర్లో ఉన్న లింఫ్ గ్రంథికి చేరుతుంది. పాదానికి దగ్గర్లో పెద్ద గ్రంథులు మోకాలి వెనక, గజ్జల్లో ఉంటాయి. మీకు టీకా వేసిన భుజానికైతే చంకలో. ఒంట్లో ఇలాంటివి వందల్లో ఉన్నాయి.

అంత దూరం ఎందుకు మోసుకెళ్లడం? టి కణాలని ఒక రకం తెల్ల రక్తకణాలున్నాయి. ఫలానా యాంటీజెన్‌ని గుర్తుపట్టగలిగే టి కణం లక్షల్లో ఒకటి ఉంటుంది. అది ఒంట్లో ఎక్కడ తిరుగుతోందో ఎవరికి తెలుసు? కాబట్టి అందరూ వచ్చిపోయే చోట యాంటీజెన్‌ని తెచ్చి పెట్టాలి. టి కణాలు రక్తంలోంచి గ్రంథిలోకి, గ్రంథిలోంచి మళ్లీ రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయి. ఒక్కొక్కటీ వచ్చి ఆ ముక్కని తడిమి చూసి, నాది కాదు అనుకుని వెళ్లిపోతుంది. సరిపోయేది వచ్చిందా, అక్కడే ఆగిపోతుంది. రోజుకి రెండు మూడు సార్లు చీలుతూ వారం తిరిగేసరికి వేల సంఖ్యలో తయారవుతుంది. బిళ్ల కట్టడమంటే ఆ గదిలో జనం పెరిగిపోవడమే.

టి కణాలకి ఒక పట్టుదల ఉంది. యాంటీజెన్ విడిగా వచ్చి ముందు నిలబడితే అవి చూడవు. మన సొంత కణం ఒకటి దాన్ని ముక్క చేసి, సొంత ప్రోటీన్ చేతిలో పెట్టి చూపిస్తేనే చూస్తాయి. పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1974లో దీన్ని కనిపెట్టారు, 1996లో నోబెల్ అందుకున్నారు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలని ఇంకో రకం తెల్ల రక్తకణాలున్నాయి, అవి అలా కాదు. అవి యాంటీజెన్‌ని ఉన్నది ఉన్నట్టుగా నేరుగా పట్టుకుంటాయి. పట్టుకుని, మింగి, ముక్క చేసి, పక్కనే ఉన్న టి కణానికి చూపిస్తాయి. అది ఔనంటే ఆ బి కణం పెరిగి యాంటీబాడీ ఫ్యాక్టరీగా మారుతుంది. అలాంటి కణం ఒక్కటే సెకనుకి వేల యాంటీబాడీలు వదులుతుంది.

ఇక్కడ నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటుంది. మీ టీకాలోని ప్రోటీన్‌ని మీ శరీరం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కానీ దానికి సరిపోయే బి కణం మీలో ముందే ఉంది. యాంటీజెన్ వచ్చి "నాకు తగ్గట్టు తయారుచేయండి" అని కొలతలివ్వదు. శరీరం ముందుగానే కొన్ని జన్యువుల్ని పేకముక్కల్లా కలిపి, కోట్లాది రకాల కణాల్ని తయారుచేసి పెట్టుకుంటుంది. యాంటీజెన్ చేసేదల్లా అందులోంచి తనకి సరిపోయేదాన్ని ఏరుకోవడమే. ఇలా జరుగుతుందని 1957లో మాక్‌ఫార్లేన్ బర్నెట్ చెప్పాడు. ఆ జన్యువుల్ని కలిపే తీరుని సుసుము తోనెగావా బయటపెట్టాడు, 1987లో నోబెల్ తీసుకున్నాడు. వీటిలో మన ఒంటినే పట్టుకునే కణాలు కూడా పుడతాయి మరి. వాటిని చాలావరకు ఎముక మూలుగలో, ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఏరిపారేస్తుంది. కొన్ని తప్పించుకుంటాయి. వాటి వల్లే కొందరికి కీళ్లవాతం, థైరాయిడ్ లాంటి సొంత ఒంటిమీద దాడి చేసుకునే జబ్బులు వస్తాయి.

మూడు డోసులు, మధ్యలో నెలల గ్యాపు ఎందుకని మీరు అడగలేదు గానీ, అది కూడా ఇక్కడే తెలుస్తుంది. మొదటిసారి యాంటీజెన్ కనబడ్డాక యాంటీబాడీలు రావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అవి కూడా ఓ మోస్తరుగా పట్టుకునేవే. తర్వాత ఆ గ్రంథిలో బి కణాలు తమ జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ, ఎవరు గట్టిగా పట్టుకుంటారో వాళ్లే మిగిలేలా వారాల తరబడి పోటీ పడతాయి. ఆ పోటీ ముగిశాక మళ్లీ డోసు వేస్తే మిగిలిన గట్టివాళ్లు ఒక్కసారిగా పెరుగుతారు. మీ 240 అలా వచ్చినదే.

ఇప్పుడు జ్వరం సంగతి. పరాయి ప్రోటీన్ కనబడితే చాలు శరీరం విరుచుకుపడుతుందనుకుంటే, మనం రోజూ తినే తిండి అంతా పరాయి ప్రోటీనే. ముద్ద ముద్దకీ యుద్ధం జరగాలి. జరగదు, ఎందుకంటే యాంటీజెన్ ఒక్కటే చాలదు. జాయింట్ ఖాతా చెక్కు మీద రెండు సంతకాలుంటేనే డబ్బు వస్తుంది కదా. ఒక సంతకం యాంటీజెన్‌ది. రెండోది "ఇక్కడ ప్రమాదం ఉంది" అని కాపలా కణాలు పెట్టాలి. సూక్ష్మజీవి తాలూకు ప్రత్యేకమైన గుర్తులు తగిలినప్పుడో, కణాలు దెబ్బతిన్నప్పుడో అవి ఆ సంతకం పెడతాయి. లేకపోతే టి కణం యాంటీజెన్‌ని చూసి కూడా ఊరుకుంటుంది, ఒక్కోసారి ఇక ఎప్పటికీ పట్టించుకోకుండా తయారవుతుంది.

శుద్ధిచేసిన ప్రోటీన్ ఒక్కటే ఎక్కిస్తే టీకా పెద్దగా పనిచేయనిది అందుకే. 1926లో అలెగ్జాండర్ గ్లెన్నీ టీకాలో పటిక జాతి అల్యూమినియం లవణం కలిపితే యాంటీబాడీలు బాగా వస్తున్నాయని గమనించాడు. మీ టీకాలో కూడా సాధారణంగా అల్యూమినియం లవణమే ఉంటుంది. ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే దశాబ్దాల పాటు వాడారు. 1989లో చార్ల్స్ జేన్‌వే దీన్ని తమ రంగంలోని పైకి చెప్పుకోని చిన్న రహస్యమని సరదాగా ఒప్పుకుని, ఆ రెండో సంతకం ఎక్కడి నుంచి వస్తుందో ఊహించి చెప్పాడు. ఊహ నిజమైంది.

మీ ఆవిడకి వచ్చిన జ్వరం, భుజం నొప్పి ఆ రెండో సంతకం చేసే హడావుడి. కాపలా కణాలు వదిలే రసాయనాలు మెదడుకి చేరి ఒంటి వేడిని పెంచుతాయి. ఆ హడావుడి ఒకరిలో పైకి కనబడుతుంది, ఇంకొకరిలో చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. టీకా తీసుకున్నవాళ్లలో చాలామందికి జ్వరమే రాదు, అయినా యాంటీబాడీలు వస్తాయి. మీరే సాక్ష్యం. జ్వరం రాలేదని బెంగపెట్టుకునేవాళ్లు, వచ్చిందని తిట్టుకునేవాళ్లు నాకు సమానంగా ఉత్తరాలు రాస్తుంటారు.

టీకా వల్ల జబ్బు రాదని ఎందుకంత ధీమాగా చెబుతున్నానంటే, అందులో వైరస్సే లేదు. ఈ వైరస్‌కి ఒక దుబారా అలవాటుంది. కాలేయ కణాల్లో పెరుగుతూ తనకి కావాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ సర్ఫేస్ యాంటీజెన్ తయారుచేసి, లోపల ఏమీ లేని ఖాళీ గోళీలుగా రక్తంలోకి వదిలేస్తుంది. బరూక్ బ్లంబర్గ్ 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో మొదట చూసింది దీన్నే. అప్పటికి అది వైరస్ ముక్క అని కూడా ఆయనకి తెలియదు, ఆస్ట్రేలియా యాంటీజెన్ అని పేరు పెట్టారు. 1976లో నోబెల్ వచ్చింది. 1981 నాటి మొదటి టీకాని జబ్బు ఉన్నవాళ్ల రక్తంలోంచి ఆ ఖాళీ గోళీల్ని వేరుచేసి, శుద్ధిచేసి తయారుచేశారు. 1986 నుంచి ఆ ప్రోటీన్ తాలూకు జన్యువుని ఈస్ట్‌లో పెట్టి, ఈస్ట్ చేతే చేయిస్తున్నారు. మీకు ఎక్కించింది వైరస్ చొక్కా మాత్రమే. చొక్కా వచ్చి ఎవరినీ కరవదు.

ఆ చొక్కా మూలంగానే ఒక తికమక రావచ్చు, గుర్తుపెట్టుకోండి. టీకా వేసిన తర్వాత రెండు మూడు వారాల్లోపు పరీక్ష చేస్తే, ఆ టీకాలోని యాంటీజెనే రక్తంలో దొరికి మొదటి లైన్లో పాజిటివ్ రావచ్చు. మీకు నెలన్నర తర్వాత చేశారు కాబట్టి ఆ గొడవ లేదు. మీ ఆవిడకి ఎప్పుడైనా పరీక్ష చేయించాల్సి వస్తే ఆ గడువు చూసుకోండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాబట్టి ఆమెకి ఉత్తినే చేయించాల్సిన పని లేదు.

పోతే, రిపోర్టులో మూడో లైను ఒకటి ఉండవచ్చు, కోర్ యాంటీబాడీ అని. కోర్ అంటే వైరస్ లోపలి గుజ్జు. టీకాలో అది ఉండదు, కాబట్టి టీకా వల్ల దానికి యాంటీబాడీ రాదు. అసలు వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చినవాళ్లకే అది పాజిటివ్ వస్తుంది. అలా వస్తే భయపడకుండా డాక్టర్‌కి చూపించాలి. ముఖ్యంగా ముందు ముందు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాల్సి వస్తే ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటే 240 కాస్తా 60కో, 8కో పడిపోయి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ నిద్ర మానకండి. రక్తంలో యాంటీబాడీ తగ్గినా ఈ యాంటీజెన్‌ని గుర్తుపెట్టుకున్న కణాలు ఒంట్లో ఉంటాయి. ఈ వైరస్ లోపలికి వచ్చాక జబ్బు చేయడానికి నెల నుంచి ఆరు నెలలు తీసుకుంటుంది. ఆ కణాలు లేచి మళ్లీ యాంటీబాడీలు తయారుచేయడానికి కొన్ని రోజులు చాలు. అందుకే టీకా బాగా పనిచేసిన ఆరోగ్యవంతులకి బూస్టర్ డోసు అక్కర్లేదంటారు. డయాలసిస్ చేయించుకునేవాళ్ల లాంటివాళ్ల లెక్క వేరు.

ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, అసలుది ఫైల్లో దాచండి. మీరు పనిచేసేది ఆస్పత్రిలో. రేపెప్పుడైనా పొరపాటున వాడిన సూది గుచ్చుకుంటే చోటుని సబ్బుతో కడుక్కుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. హెపటైటిస్ బి విషయంలో ఆయన మిమ్మల్ని మొదట అడిగేది ఆ రెండో లైన్లో అంకె ఎంత అనే.